ఆడేవాళ్ళే పాడాలి

1976లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ నగరానికి దక్షిణ శివారైన ఓటారాలో, హిల్లరీ కాలేజీ అనే ఉన్నత పాఠశాలలో, నాలుగంటే నాలుగు బడుల పిల్లలు కలిసి ఒక చిన్న ఉత్సవం జరుపుకున్నారు. తమ తాతముత్తాతల పాటలు పాడారు, వాటికి తామే ఆడారు. కాలక్రమాన ఆ నాలుగు బడుల పండుగే 'పాలీఫెస్ట్' అనే పేరుతో పెరిగి పెద్దదై, నాలుగు రోజుల మహోత్సవమయింది. వేలాది విద్యార్థులు ఆరు వేదికల మీద ప్రదర్శించే ఆ ఉత్సవాన్ని పాలినేషియా జాతుల బడిపిల్లల ఉత్సవాలన్నిటిలోకీ పెద్దదిగా చెబుతారు.

పాలినేషియా అంటే గ్రీకు భాషలో 'అనేక ద్వీపాలు' అని అర్థం. ఉత్తరాన హవాయి, నైరుతిలో న్యూజీలాండ్, ఆగ్నేయాన ఈస్టర్ ద్వీపం మూడు కొనలుగా పసిఫిక్ మహాసముద్రంలో ఒక త్రిభుజం గీస్తే, అందులో ఇమిడే సమోవా, టోంగా, కుక్ దీవులు, నియుయే మొదలైన ద్వీపాల సమూహమది. ఆ దీవులకూ, పత్తి మిర్చి పండే నేలకు ఆనుకుని తీరాన ఉన్న మన వేటపాలేనికీ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. సంబంధం ఒక ప్రశ్నలో ఉంది. చిన్న బడి పిల్లలు ఏడాదికొకసారి వేదికెక్కి ఆడే ఆట వల్ల ఒక భాష బతుకుతుందా? ఈ ప్రశ్నకు పాలినేషియా ఒక జవాబు ఇచ్చింది. ఆ పొరుగునే ఫిజీలో ఉన్న తెలుగువారి చరిత్ర ఇంకొక జవాబు ఇచ్చింది. మన జిల్లాలో మన కళ్ళెదుట ఉన్న ఒక ఊరు ఇప్పటికీ జవాబు కోసం ఎదురుచూస్తున్నది.

బడి తీసుకున్నది, బడి ఇచ్చినది

న్యూజీలాండ్ ఆదివాసులైన మావోరీల పిల్లల కోసం అక్కడి వలస ప్రభుత్వం 1867లో ఒక చట్టం చేసింది. బడి కావాలంటే ఊరివాళ్ళు స్థలమివ్వాలి, ఖర్చులో భాగం పంచుకోవాలి. బోధన మాత్రం ఇంగ్లీషులో జరగాలి. తరువాతి దశాబ్దాలలో బడి ఆవరణలో మావోరీ మాట్లాడిన పిల్లలకు దెబ్బలు తగిలేవి. ఆ దెబ్బలు తిన్నవాళ్ళు పెరిగి తల్లిదండ్రులయ్యాక తమ పిల్లలతో ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. తాము పడిన బాధ పిల్లలు పడకూడదన్న ప్రేమతోనే వాళ్ళా పని చేశారు. ఒక భాష ఇంట్లోంచి వెళ్ళిపోయేటప్పుడు తలుపు మూసేది సాధారణంగా శత్రువు కాదు, తల్లీతండ్రీ. రెండో ప్రపంచయుద్ధం తరువాత మావోరీలు పల్లెలు విడిచి నగరాలకు చేరారు. 1970లు వచ్చేసరికి మావోరీ ధారాళంగా మాట్లాడేవాళ్ళలో అధికభాగం వయసు మళ్ళినవారే.

ఆ స్థితిలో 1972లో రెండు ఘటనలు జరిగాయి. మొదటిది, బడులలో మావోరీ భాష నేర్పాలని కోరుతూ యువజనులు ముప్పై వేలకు పైగా సంతకాలు సేకరించి సెప్టెంబరు 14న పార్లమెంటుకు సమర్పించారు. రెండవది, అదే ఏడు రోటోరువా పట్టణంలో న్యూజీలాండ్ పాలినేషియన్ ఉత్సవం మొదటిసారి జరిగింది. 'తే మాటాటిని' అన్న పేరుతో ఇప్పటికీ జరిగే జాతీయ పోటీలకు అదే ఆరంభం. ఒకరు అర్జీ పట్టుకున్నారు, మరొకరు పాట పట్టుకున్నారు. నాలుగేళ్ళకు ఓటారా బడిపిల్లలు వేదికెక్కారు.

ఓటారా ఎలాంటి చోటో తెలిస్తేగాని ఆ వేదిక విలువ తెలియదు. కర్మాగారాలలో పనివాళ్ళు కావలసి వచ్చినప్పుడు సమోవా, టోంగా దీవుల నుంచి జనాన్ని రానిచ్చారు. 1970లలో ఆర్థిక మాంద్యం రాగానే అదే జనం బరువయ్యారు. 1974 నుంచి 1976 దాకా, గడువు దాటి ఉన్నవాళ్ళను పట్టుకునే పేరుతో పోలీసులు తెల్లవారకముందే పసిఫిక్ ద్వీపవాసుల ఇళ్ళ తలుపులు బాదేవారు. చరిత్రలో వాటికి 'వేకువ దాడులు' అని పేరు. 2021 ఆగస్టు 1న న్యూజీలాండ్ ప్రభుత్వం అందుకు క్షమాపణ చెప్పింది. ఆనాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ సమోవా ఆచారం ప్రకారం తల మీద చాప కప్పించుకుని కూర్చున్నారు. తప్పు చేసినవారు బాధితుల ముందు తలవంచి, వారే వచ్చి చాప తీసేదాకా వేచి ఉండే ఆచారమది.

తలుపులు బాదిన ఆ 1976లోనే ఓటారా పిల్లలు వేదికెక్కి తమ పేరు, తమ దీవి పేరు, తమ తాత పేరు గొంతెత్తి పాడారు. దానిని వినోదమని మాత్రమే అనగలమా?

నోరు తెరిచిన ఆట

మావోరీల బృందప్రదర్శనను 'కపా హకా' అంటారు. కపా అంటే వరుస, హకా అంటే ఆట. రగ్బీ పోటీలకు ముందు న్యూజీలాండ్ జట్టు కళ్ళురిమి, తొడలు చరిచి చేసే హకాను టెలివిజన్‌లో చూసినవారు మనలోనూ ఉన్నారు. అది అందులో ఒక భాగమే. పోటీ ప్రదర్శనలో వరుసగా ప్రవేశగీతం, ప్రాచీన శోకగీతాలూ జోలపాటలూ పాడే 'మోతేయతేయ', చేతుల అభినయంతో పాడే పాట, దారానికి కట్టిన బంతిని తిప్పుతూ ఆడే 'పోయి', ఆ తరువాత హకా, చివరకు నిష్క్రమణగీతం ఉంటాయి. మన యక్షగానానికి ప్రవేశ దరువు, మంగళహారతి ఉన్నట్టే దీనికీ ఒక మొదలూ తుదీ ఉన్నాయి.

ఇందులో నన్ను ఆకట్టుకున్నది వేషమో, లయో కాదు. ఆడేవాళ్ళే పాడతారు. ఒక గిటారు తోడుండవచ్చు గాని, వెనకనుంచి రికార్డు మోగదు. నలభైమంది పిల్లలు వేదిక మీద ఉంటే నలభై నోళ్ళూ తెరుచుకోవాలి. పాటల్లో కొన్ని పాతవి, చాలావరకు గురువులు కొత్తగా కట్టినవి. ఆ బడి ఉన్న నేల కథ, పోయిన పెద్దల స్మరణ, పోగొట్టుకున్న భూమి తగాదా వాటిలో వస్తువులవుతాయి. ఉచ్చారణ తప్పితే, అర్థం తెలియక ముఖంలో భావం తప్పితే చూసేవారికి తెలిసిపోతుంది. జాతీయ పోటీలలో భాషకు ప్రత్యేకంగా బహుమానం ఉంది. అంటే ఆ ప్రదర్శన భాషకు పరీక్ష కూడా.

ఇది మనకు తెలియని సంగతి కాదు. కూచిపూడి కళాకారులు ఒకప్పుడు తామే పాడుతూ, తామే మాటలు చెబుతూ ఆడేవారు. భామాకలాపంలో సత్యభామ వేషధారి నోరు మూసుకుని ఉంటే అది భామాకలాపమే కాదు. వాచికం లేని ఆహార్యం ఎంతమాత్రమో మన లాక్షణికులు ఎప్పుడో చెప్పారు. కోలాటం, చెక్కభజన, జముకుల కథ, బుర్రకథ అన్నిటా ఆడే మనిషి గొంతే ఆధారం.

అయితే వేదిక ఒక్కటే మావోరీని నిలబెట్టలేదు. వేదిక ఆకలి పుట్టించింది, అన్నం మరొకచోట వండవలసి వచ్చింది. 1982లో వెల్లింగ్టన్ సమీపాన వైనుయియోమాటాలో మొదటి 'కోహాంగా రేఓ' తెరిచారు. ఆ మాటకు 'భాషా గూడు' అని అర్థం. అక్కడ పసిపిల్లలు భాష వచ్చిన అమ్మమ్మల, తాతల ఒడిలో పగలంతా మావోరీ వింటూ పెరుగుతారు. పదేళ్ళు తిరిగేసరికి అలాంటి గూళ్ళు వందలలో వెలిశాయి. 1985లో పడమటి ఆక్లండ్‌లో పూర్తిగా మావోరీ మాధ్యమంలో నడిచే బడి వచ్చింది. 1987లో చట్టం మావోరీని అధికారభాష చేసింది. హవాయిలోనూ ఇదే వరస. 1896లో ఇంగ్లీషు మాధ్యమాన్ని నిర్బంధం చేసిన ఆ దీవులలో 1971 నుంచి హిలో పట్టణపు ఉత్సవంలో హులా నృత్యానికి పోటీలు పెట్టారు. 1984లో పసిపిల్లలకు హవాయి భాషా బడి మొదలయింది. ముందు పాట, వెనుక బడి.

ఆ రెండవ మెట్టు ఎక్కలేనివారి సంగతి కూడా చూడాలి. నియుయే దీవిలో రెండు వేలలోపు జనం ఉన్నారు. న్యూజీలాండ్‌లో తమను నియుయేవాసులుగా చెప్పుకున్నవారు 2018 జనాభా లెక్కలలో ముప్పై వేలు దాటారు. పాలీఫెస్ట్‌లో వారికి ప్రత్యేక వేదిక ఉంది. అయినా అక్కడ పుట్టిన పిల్లలలో భాష వచ్చినవాళ్ళు కొద్దిమందే. పండుగ నాలుగు రోజులు, ఇల్లూ బడీ మూడువందల అరవై రోజులు. ఆ లెక్కను ఏ వేదికా తప్పించలేదు.

నాందీలో తెలుగు

ఇక మన కథ. ఫిజీ దీవులు పాలినేషియా అంచున, మెలనేషియాలో ఉన్నాయి. అక్కడి చెరకు తోటలలో పనికి 1879 నుంచి కలకత్తా మీదుగా ఉత్తరాదివారిని తీసుకుపోయారు. 1903లో ఎల్బే అనే ఓడతో మద్రాసు రేవునుంచి దక్షిణాదివారి ప్రయాణం మొదలయింది. 1916లో చివరి ఓడ చేరేదాకా మొత్తం అరవై వేలకు పైగా మనుషులు వెళ్ళారు. వారిలో సుమారు పదిహేను వేలమంది మద్రాసు నుంచి వెళ్ళినవారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు వారి వలస పత్రాలలో కనిపిస్తాయి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా బాపట్ల తాలూకా కూడా కృష్ణా జిల్లాలోనిదే అని ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేశారు. ఇంగ్లీషులో దానిని 'అగ్రిమెంట్' అన్నారు, కూలీల నోట అది 'గిర్మిట్' అయింది. ఆస్ట్రేలియాకు చెందిన చక్కెర కంపెనీ తోటలలో, 'లైన్లు' అనే ఇరుకు గదుల వరుసలలో బతికారు. అక్కడ దక్షిణాదివారు సంఖ్యలో తక్కువ. తెలుగైనా తమిళమైనా మలయాళమైనా అందరికీ 'మద్రాసీలు' అన్న ఒకే పేరు. సర్దారుతో మాట్లాడాలన్నా, పక్క గదిలో నిప్పు అడగాలన్నా హిందుస్తానీ కావాలి. 1920 జనవరి 1న ఒప్పంద కూలీ విధానం రద్దయ్యేనాటికి ఉత్తరాది మాండలికాలు కలిసి ఏర్పడిన ఫిజీ హిందీ అందరి భాష అయి కూర్చుంది.

కూలీల పిల్లలకు ప్రభుత్వం బడులు పెట్టలేదు. మిషనరీలు కొన్ని పెట్టారు, మిగిలినవి జనమే పెట్టుకున్నారు. 1926లో నాందీ పట్టణంలో సాధు కుప్పుస్వామి పూనికతో దక్షిణాదివారి కోసం 'తెన్నిండియా సన్మార్గ ఐక్య సంగం' ఏర్పడింది. తెలుగువాడి చెవికి ఆ ఊరిపేరు నాటకానికి ముందు పాడే నాందిలా వినిపిస్తుంది. దక్షిణాది పిల్లలకు దక్షిణాది భాషలు నేర్పాలన్నది ఆ సంస్థ తొలి ఆశయాలలో ఒకటి. 1937లో రామకృష్ణ మఠానికి చెందిన స్వామి అవినాశానంద, 1939లో స్వామి రుద్రానంద అక్కడికి చేరి చదువుల పని భుజాన వేసుకున్నారు. సంగంలో తమ భాషకు తగిన చోటు దక్కడం లేదని తలచిన తెలుగువారు 1941లో రాకిరాకిలో వేరుగా 'దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం' స్థాపించుకున్నారు. తాము ఎన్నడూ చూడని ఆంధ్రదేశం పేరును పెట్టుకున్న ఆ సంస్థ కూడా బడులు నడిపింది. చెరకు నరికి కూడబెట్టిన డబ్బుతో పలకా బలపం కొన్న మనుషులు వాళ్ళు.

ఆ శ్రమ వృథా పోయిందని అనను. బడులు నిలిచాయి. కూలీల మనుమలు ఉపాధ్యాయులు, న్యాయవాదులు, వైద్యులు అయ్యారు. రామభజన నిలిచింది, అమ్మవారి కొలువు నిలిచింది, నిప్పులగుండం తొక్కే మొక్కు నిలిచింది. కాని ఇంటిభాషగా తెలుగు నిలవలేదు. ఉపాధ్యాయులు కొద్దిమంది, పుస్తకాలు సముద్రం దాటి రావాలి, ఉద్యోగానికి ఇంగ్లీషు, వీధికి ఫిజీ హిందీ చాలు. తెలుగు మాటతో పని పడే చోట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. చివరకు భజన దగ్గరా, పెళ్ళి దగ్గరా పాడే పాటల్లో మాత్రమే తెలుగు మిగిలింది. అక్కడెందుకు మిగిలింది? ఆడేవాళ్ళే, కొలిచేవాళ్ళే పాడవలసి ఉన్నది కాబట్టి. నోటికి పని ఉన్నంతకాలం భాష ఆ నోటిని విడిచిపోలేదు. పాటకు మాట తోడు లేకపోయేసరికి అర్థం మసకబారింది.

ఇదే కాలంలో మారిషస్ తెలుగువారు వేరే దారిన నడిచారు. కోరంగి రేవు మీదుగా వచ్చినందుకు వారిని అక్కడ 'కోరంగీలు' అనేవారు. 1946లో మారిషస్ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ప్రభుత్వ బడులలో తెలుగు ఒక పాఠ్యాంశమయింది. ఉగాది ప్రభుత్వ సెలవుదినమయింది. తెలుగు నాటకాలకు ఏటా జాతీయ పోటీలు పెట్టారు. నాటకమంటే మళ్ళీ నోరు తెరవవలసిన కళే. అక్కడ కూడా ఇంటిభాష క్రియోలే అయినా, తెలుగు చదివి పరీక్ష రాసే పిల్లవాడు ఉన్నాడు.

1987 మే 14న ఫిజీలో సైనిక తిరుగుబాటు జరిగింది. భారత సంతతివారు వేల సంఖ్యలో ఇళ్ళూ పొలాలూ విడిచి ఆక్లండ్, సిడ్నీ చేరారు. గిర్మిట్ కూలీల మునిమనుమలు అలా రెండోసారి వలసపోయారు. ఆ తరువాత హైదరాబాదు, గుంటూరు, విజయవాడల నుంచి కంప్యూటరు ఉద్యోగులు వచ్చారు. పాలీఫెస్ట్‌లో మావోరీ, సమోవా, టోంగా, కుక్ దీవులు, నియుయే వేదికలు అయిదూ పోను ఆరవది 'వైవిధ్య వేదిక'. భారతీయ బృందాలు ఆడేది దాని మీదే. రంగురంగుల దుస్తులు, చక్కని అడుగులు, చప్పట్లకు లోటు లేదు. పాట మాత్రం చాలావరకు రికార్డు నుంచి వస్తుంది. పక్క వేదిక మీద నలభై నోళ్ళు తెరుచుకుంటుంటే, ఈ వేదిక మీద నోళ్ళు చిరునవ్వుకే పరిమితం. మన కోస్తా ఊళ్ళలో దీనికి పాతకాలం నుంచి ఒక పేరుంది: రికార్డు డాన్సు. తిరునాళ్ళలో దానిని చిన్నచూపు చూసే మనమే, బడి వార్షికోత్సవంలో మన పిల్లలచేత అదే చేయిస్తున్నాం.

చీరాల దాటితే

ఇంతదాకా మనం పోగొట్టుకున్నవారి వైపున నిలబడి మాట్లాడాం. రెండోవైపు కూడా చూడాలి. వేటపాలెంలో రైలెక్కి చీరాల దాటి బాపట్ల వైపు వెళితే స్టువర్టుపురం వస్తుంది. ఎరుకలవారి ఊరది. ఒకప్పుడు వీరు పశువుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని తీరానికీ మెట్టకూ మధ్య వ్యాపారం చేసేవారు, బుట్టలు అల్లేవారు, సోది చెప్పేవారు. రైళ్ళు వచ్చాక ఉప్పు వ్యాపారం పోయింది. సంచార జీవనమే నేరమయింది. నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి వర్తింపజేశారు. ఆ దశకంలోనే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఈ సెటిల్‌మెంటు ఏర్పడింది. ఊరికి తెల్లదొర పేరు, మనుషులకు హాజరుపట్టీ, పెద్దలకు చీరాల పొగాకు కంపెనీలో పని, పిల్లలకు బడి. స్వాతంత్ర్యం తరువాత 1952లో గాని ఆ చట్టం రద్దు కాలేదు. ఆ తరువాత కూడా సినిమాలూ పత్రికలూ ఊరిపేరును దొంగతనానికి పర్యాయపదంగా వాడుతూనే వచ్చాయి.

ఎరుకలవారికి సొంత భాష ఉంది. వారు తమను 'కుర్రు' అని చెప్పుకుంటారు, భాషను కుర్రు భాష అంటారు. తమిళానికి దగ్గర చుట్టమది. ఆ పిల్లలు బడిలో విన్నది తెలుగు. ఓటారా తాతలకు ఇంగ్లీషు ఎలాంటిదో, కుర్రు పిల్లవాడికి తెలుగు అలాంటిది. ఆ మాట ఒప్పుకోవడం మనకు కష్టంగానే ఉంటుంది. ఇంగ్లీషు మాధ్యమం తెలుగును మింగేస్తున్నదని వాపోయే సభలలో, తెలుగు మాధ్యమం మింగినవాటి ఊసు రాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషలలో మొదటి తరగతుల వాచకాలు తెచ్చింది. గోండీ, కోయ, కొలామీ, బంజారా, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా ఆ ఎనిమిది. మంచి పని. మైదానంలో మన మధ్యనే బతుకుతున్న కుర్రు భాష ఆ జాబితాలో లేదు.

దీనికి మనలో మార్గదర్శి లేకపోలేదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా మనకు తెలిసిన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. లిపిలేని ఆ భాషలో వాచకాలు రాశారు, పాటలూ కథలూ సేకరించారు, వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. ఆ కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారని ప్రసిద్ధి. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సవర పిల్లవాడి నోటిని తెరిపించిన గిడుగును ఆ రోజు తలచుకునేవాళ్ళు ఎందరు? బదులుగా మన్యం ఆశ్రమ పాఠశాల పిల్లలను తెచ్చి సభలలో థింసా ఆడిస్తాం. ఆట చూస్తాం, వారి మాట వినం.

మన వేటపాలెంలో 1918 నుంచి సారస్వత నికేతనం ఉంది. తెలుగులో అచ్చయిన పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో ఇక్కడికి వస్తారు. అచ్చయినదాన్ని భద్రపరచడం ఈ ఊరికి తెలుసు. అచ్చు కాని భాషను భద్రపరచే బీరువా ఏ గ్రంథాలయంలోనూ ఉండదు. దానికి అవ్వ కావాలి, అవ్వ పక్కన ఒక పిల్ల కావాలి, ఆ ఇద్దరినీ వినడానికి ఒక బడి కావాలి.

పాలీఫెస్ట్ అంత ఉత్సవం మనకు అక్కరలేదు. అది కూడా నాలుగు బడులతోనే మొదలయింది. వేటపాలెం, చీరాల, స్టువర్టుపురం, బాపట్ల బడులు నాలుగు కలిసి, ఒకే ఒక నియమంతో ఒక పూట పండుగ చేసుకోవచ్చు: రికార్డు పెట్టకూడదు, ఆడేవాళ్ళే పాడాలి. తెలుగు పిల్లలు వాళ్ళమ్మమ్మ మగ్గం దగ్గర పాడే పాట పాడనివ్వండి. ఎరుకల పిల్ల కుర్రు భాషలో వాళ్ళవ్వ పాట పాడనివ్వండి. అర్థం తెలియక మనం బిక్కముఖం వేస్తే, ఆ పిల్లే మనకు తెలుగులో విడమరచి చెబుతుంది. ఆ పూట బడిలో పాఠం చెప్పేది తను, వినేది మనం.